ఎనిమిది సబ్జెక్టులు, ఎకరన్నర పొలం

ఇంటర్నేషనల్ బాకలోరియా సంస్థ 11 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం నడిపే మిడిల్ ఇయర్స్ ప్రోగ్రాంలో ఎనిమిది సబ్జెక్టు వర్గాలుంటాయి. భాషా సాహిత్యాలు, భాషార్జన, వ్యక్తులు-సమాజాలు, విజ్ఞానశాస్త్రాలు, గణితం, కళలు, శారీరక-ఆరోగ్య విద్య, డిజైన్. ఒక్కో వర్గానికి ఏడాదికి కనీసం 50 గంటల బోధన ఉండాలన్నది నియమం. స్త్రీల సాహిత్య పత్రికలో ఈ జాబితాతో పనేమిటని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో ఈ ఎనిమిదింటికీ కలిపి నేరేడుచర్ల దగ్గరి ఎకరన్నర పొలం ధర కట్టారు. నాన్న పోయాక ఆ పొలం విరాసత్ అయినప్పుడు కాగితాల మీదికి మూడు పేర్లొచ్చాయి. అమ్మది, అన్నయ్యది, నాది. అమ్మాలంటే నా సంతకం కావాలి. అందుకే రాస్తున్నాను.

అన్నయ్యకు ఇద్దరు పిల్లలు. అమ్మాయి పెద్దది, పద్నాలుగేళ్లు. హైదరాబాదులో ఒక కార్పొరేట్ స్కూల్లో తొమ్మిదో తరగతి. అబ్బాయికి పన్నెండు. పోయినేడాది వాణ్ణి అప్పుచేసి అంతర్జాతీయ పాఠశాలలో చేర్చారు. ఫీజు ఏడాదికి లక్షల్లో. పన్నెండో తరగతి దాకా వాడక్కడే చదవాలంటే అప్పుతో అయ్యే పని కాదు. నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాక అలాంటిదే మరొక బడిలో రెండేళ్లు కాంట్రాక్టు మీద తెలుగు చెప్పాను. కనుక అమ్మ నన్నే అడిగింది. "నువ్వు అండ్ల పని జేసినవ్ గద బిడ్డా, ఆ సదువు మంచిదేనా?"

మంచిదే. ముందు ఆ మాట చెప్పకుండా మిగతావి చెప్పడం న్యాయం కాదు.

ఇంటర్నేషనల్ బాకలోరియా 1968లో జెనీవాలో మొదలైంది. దాని వెనక రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఆలోచనలున్నాయి. జెనీవా అంతర్జాతీయ పాఠశాలను చాలాకాలం నడిపిన మారీ-తెరేజ్ మోరెట్ అనే ఆమె, పిల్లలకు శాంతిని నేర్పే బోధనా పద్ధతులు ఉన్నాయా అన్న ప్రశ్నతో 1948లో యునెస్కో కోసం ఒక చిన్న పుస్తకం రాసింది. ఈ చదువుల చరిత్ర రాసేవాళ్లు ఆ పుస్తకాన్ని తొలి అడుగుల్లో ఒకటిగా చెబుతారు. మిడిల్ ఇయర్స్ ప్రోగ్రాం 1994లో వచ్చింది. మొదట్లో సబ్జెక్టులన్నిటినీ కలిపే ఐదు అంశాలు ఉండేవి. వాటిలో ఒకదాని పేరు ‘హోమో ఫాబెర్’. లాటిన్‌లో ‘తయారుచేసే మనిషి’ అని. తర్వాత ఆ పేరు మారింది. 2014 మార్పుల్లో ఆ ఐదింటి స్థానంలో ఆరు ప్రపంచ సందర్భాలు వచ్చాయి. అస్తిత్వాలు-సంబంధాలు, స్థలకాలాలు, న్యాయం-అభివృద్ధి, అలాంటివి. ఏ పాఠమైనా వీటిలో ఒకదానికి ముడిపడి ఉండాలి.

టీచరుగా నాకు బాగా నచ్చింది ప్రశ్నల పద్ధతి. ప్రతి పాఠ్య ప్రణాళికలో మూడు రకాల ప్రశ్నలు రాసుకోవాలి. వాస్తవం అడిగేవి, భావన అడిగేవి, వాదనకు తావిచ్చేవి. మూడో రకం ప్రశ్నకు టీచరు దగ్గర కూడా తయారు జవాబు ఉండకూడదు. మన తరగతి గదుల్లో పెరిగిన మనకు ఇది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు. చేయి పైకెత్తిన ఆడపిల్లను ‘నోరెక్కువ’ అనే బడిలో చదివినవాళ్లమే మనలో చాలామందిమి.

ఒక ఏడాది నేను నాగార్జునసాగర్ మీద పాఠం తయారుచేశాను. మా నేరేడుచర్ల వరి అంతా ఎడమ కాలువ నీళ్ల మీద బతికేదే. ఆనకట్టకు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన ఎప్పుడు జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు ఎవరు వదిలారు అన్నవి మొదటి రకం ప్రశ్నలు. అభివృద్ధి అంటే ఏమిటన్నది రెండో రకం. కాలువ మొదట ఉన్న పొలానికీ చివరన ఉన్న పొలానికీ నీళ్ల మీద హక్కు సమానమేనా అన్నది మూడోది. యంత్రాల మీద కన్నా మనుషుల మీదే ఎక్కువ ఆధారపడి కట్టిన ఆ రాతి ఆనకట్టకు రాళ్లూ సున్నమూ మోసినవాళ్లలో ఆడకూలీలు ఎంతోమంది ఉన్నారు. పాఠంలో ఆ ఫోటోలు పెట్టాను. జలాశయంలో మునిగిపోయే ముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండలో తవ్వకాలు జరిగాయి. ఆ లోయలో దొరికిన మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల శాసనాల్లో దాతల పేర్లు చాలావరకు ఆడవాళ్లవే. రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి మహాచైత్యాన్ని నిలబెట్టింది. బోధిసిరి అనే ఉపాసిక కట్టడాలు చేయించింది. "వాళ్లకి సొంత డబ్బు ఉండేదా మేడమ్?" అని ఏడో తరగతి పిల్ల అడిగింది. ఆ ఒక్క ప్రశ్న కోసం రెండేళ్లూ ఆ బడిలో పనిచేయొచ్చు అనిపించింది.

అయితే ఆ బడిలో నా కుర్చీ ఎక్కడుందో కూడా చెప్పాలి. ‘భాషా సాహిత్యాలు’ వర్గం ఇంగ్లీషుది. నన్ను ‘భాషార్జన’ బల్ల దగ్గర కూచోబెట్టారు. భాషార్జన అంటే పరాయి భాషను కొత్తగా నేర్చుకోవడం. అందులో ఆరు మెట్లుంటాయి. తెలుగు ఇళ్ల పిల్లలే నా దగ్గర మొదటి మెట్టు మీద నిలబడి ‘ఇది ఏమి? ఇది పుస్తకము’ అని చదివేవాళ్లు. ప్రోగ్రాం నియమాల్లో తెలుగు అక్కడే ఉండాలని ఎక్కడా లేదు. మాతృభాషను మొదటి వర్గంలోనే పెట్టి సాహిత్యంగా బోధించే వీలుంది. పైగా మాతృభాషను నిలబెట్టాలని ఆ సంస్థ పత్రాలే చెబుతాయి. ఏ భాషకు ఏ స్థానమో తేల్చేది బడి యాజమాన్యం. యాజమాన్యానికి ఆ సంగతి చెప్పేది తల్లిదండ్రుల కోరిక. నా పక్కన కూచున్న ఫ్రెంచి టీచరుకు నాకన్నా చాలా ఎక్కువ జీతం ఇచ్చేవాళ్లు. ఆమెకు డాక్టరేట్ లేదు. ఆమె మీద నాకు కోపమూ లేదు. ఒకే బల్ల మీద రెండు భాషల విలువ ఎలా తూస్తారో నెలనెలా జీతం కాగితంలో చూశాను.

తెలంగాణలో 2018లో చట్టం వచ్చాకే ఇలాంటి బళ్లలోనూ తెలుగు తప్పనిసరి అయింది. ఏ బోర్డు అయినా, అంతర్జాతీయ సిలబస్ అయినా సరే, చెప్పాల్సిందే. తర్వాత 2025లో తొమ్మిది, పది తరగతుల్లో తెలుగు మాతృభాష కాని పిల్లల కోసమని ‘వెన్నెల’ అనే తేలికైన వాచకం పెట్టమన్నారు. తెలుగు మాతృభాష అయినవాళ్లలో ఎంతమందికి ‘వెన్నెలే’ సరిపోతుందో తెలుగు టీచర్లకు తెలుసు. చట్టం వల్ల తెలుగుకు పీరియడ్ వచ్చింది. ఆ పీరియడ్‌లో ఇంట్లో నానమ్మతో మాట్లాడే తెలుగు ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న మా ఇంట్లోనే ఎదురైంది. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా అల్లుడు ‘వ్యక్తులు-సమాజాలు’ సబ్జెక్టు పని పట్టుకుని నేరేడుచర్ల వచ్చాడు. ఆ వర్గంలో విద్యార్థిని నాలుగు విషయాల్లో కొలుస్తారు. తెలుసుకోవడం, పరిశోధించడం, చెప్పగలగడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం. ఒక్కోదానికి గరిష్ఠంగా 8. వాడి పాఠం మూలభావన ‘మార్పు’. తన కుటుంబంలోని ఒక పెద్దమనిషిని ఇంటర్వ్యూ చేసి, ఆమె జీవితకాలంలో ఒక పని ఎలా మారిందో రాయాలి. వాడు నానమ్మను ఎంచుకున్నాడు. పని, వరి నాట్లు.

అమ్మ గంటన్నర మాట్లాడింది. నారుమడి పోసిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. గుత్తకు నాటేస్తే ఎకరానికి ఎంతమంది, కైకిళ్లకైతే ఎంతమంది, పొద్దు ఏ మూలకొస్తే సద్ది తినేది, బురదలో కాళ్లు ఎట్లా పాసేవి, చంటిదాన్ని ఒడ్డు మీద పండబెట్టి ఎట్లా వంగేది అన్నీ చెప్పింది. ఇప్పుడు బీహారు నుంచీ బెంగాల్ నుంచీ మగవాళ్లు ముఠాలుగా వచ్చి నాట్లేస్తున్నారని, ఆడవాళ్ల పని మగవాళ్ల చేతిలోకి పోయేసరికి దాన్ని అందరూ ‘కష్టమైన పని’ అంటున్నారని చెప్పింది. "మేం జేసినప్పుడు గది పనే గాదు" అని నవ్వింది. పితృస్వామ్యం గురించీ శ్రమ విభజన గురించీ నేను థీసిస్‌లో నలభై పేజీల్లో చెప్పిన సంగతి అమ్మ ఆ ఒక్కమాటలో చెప్పింది.

మా అల్లుడు ఫోన్లో అంతా రికార్డు చేసుకున్నాడు. వాడికి అందులో సగం అర్థం కాలేదు. కైకిలి, గుత్త, సద్ది, పాయడం, ఇవేవీ వాడు బడిలో నేర్చుకునే రెండు పీరియడ్ల తెలుగులో లేవు. అప్పుడు మా కోడలు, అంటే వాడి అక్క, ఆ రాత్రి కూచుని రికార్డు వింటూ ఒక్కొక్క వాక్యం ఇంగ్లీషులోకి రాసిచ్చింది. సందేహం వచ్చినచోట నానమ్మను లేపి అడిగింది. ‘గుత్త’కు ఇంగ్లీషు మాట దొరక్క నాలుగు వాక్యాల్లో వివరించింది. ఎకరం పనిని మనుషులకు పంచిన లెక్క వేసింది. మర్నాడు పొద్దున వాడు దాన్ని అందంగా టైపుచేసి, ఫోటోలు పెట్టి, సొంత విశ్లేషణ రెండు పేజీలు చేర్చి పంపాడు. 8కి 7 వచ్చాయి.

ఆ రాత్రి మా కోడలు చేసిన పని ఏ సబ్జెక్టు? భాషా సాహిత్యమా, భాషార్జనా, గణితమా, సమాజాలా? నాలుగూ ఉన్నాయి. ఈ ప్రోగ్రాంలో దీనికి అంతర్విషయ అధ్యయనమని గౌరవమైన పేరుంది. ఏడాదికి ఒకసారైనా అలాంటి పాఠం ఉండాలని నియమం కూడా ఉంది. కానీ ఆ పిల్ల ఆ ప్రోగ్రాంలో లేదు. వాళ్ల బడిలో ఆమెకు పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం స్టడీ అవర్లు అయ్యేదాకా ప్రశ్నలుంటాయి, ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ముందే రాసి ఉంటాయి. వాటిలో ఒకదానికి చుక్క పెట్టడమే చదువు. తమ్ముడి ప్రాజెక్టు ఆమెకు ఇంట్లో పని. అంట్లు కడగడం ఎట్లాగో అట్లాగే. మా వదిన మాటల్లో చెప్పాలంటే, "అక్క గదా, జర సాయం జేసింది."

అల్లుడిది తప్పు అని నేనడం లేదు. ఆ చదువులో ఇతరుల సాయాన్ని పేరుపెట్టి చెప్పాలన్న నియమం గట్టిగానే ఉంది. నేను ఆ సంగతి గుర్తుచేయగానే వాడు టీచరుకు మళ్లీ రాశాడు, అనువాదం మా అక్కదని. పన్నెండేళ్ల పిల్లవాడికి ఆ నిజాయితీని నేర్పిన చదువును నేను తక్కువ చేయలేను. ఆ చదువు అక్కకు ఎందుకు అందలేదన్నదే నా బాధ.

మనకు ఇంకొక సంగతి తెలుసు. ఈ పద్ధతి జెనీవా నుంచి రావాల్సిన అవసరం లేకుండానే మన దగ్గర జరిగింది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు టేప్ రికార్డర్లు పట్టుకుని తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లారు, గంటల తరబడి విన్నారు, వాళ్ల మాటల్లోనే అచ్చువేశారు. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ అలా పుట్టింది. అందులో మాట్లాడినవాళ్లలో మల్లు స్వరాజ్యం పుట్టింది ఇప్పటి మా సూర్యాపేట జిల్లాలోనే. ఆమె 2022 మార్చిలో కన్నుమూసింది. తెలుసుకోవడం, పరిశోధించడం, చెప్పగలగడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం అనే నాలుగు కొలతలతో చూసినా ఆ పుస్తకానికి సాటి వచ్చే ప్రాజెక్టులు తక్కువ. ఆ పని చేసినవాళ్లు దాన్ని ఫీజు కట్టి నేర్చుకోలేదు. అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉందని గుర్తించారు, అడగడానికి ఒకరికొకరు తోడయ్యారు.

ప్రభుత్వ చదువు ప్రశ్నలకు దూరమని అనుకోవడమూ పొరపాటే. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలు, ముఖ్యంగా సాంఘికశాస్త్రం, పిల్లల్ని ఊళ్లోకి వెళ్లి అడగమనే రాశారు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. ఆచరణలో ఆ ప్రాజెక్టులు ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీసిన బొమ్మలుగా మిగిలిపోయిన బళ్లు నేను చాలా చూశాను. అరవైమందికి ఒక టీచరు ఉన్నచోట, ఆ టీచరుకే రికార్డులు నింపే పని, సర్వే పని ఉన్నచోట ఏ పిల్ల రికార్డు చేసుకొచ్చిన గొంతును ఎవరు కూచుని వింటారు? అంతర్జాతీయ బడిలో నా తరగతిలో పద్దెనిమిదిమంది ఉండేవాళ్లు. ఫీజులో అధిక భాగం కొనిచ్చేది అదే, వినే టైము.

పక్క రాష్ట్రంలో దీన్ని అందరికీ ఇవ్వాలన్న ప్రకటన ఒకసారి జరిగింది. 2024 జనవరి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటర్నేషనల్ బాకలోరియాతో ఒప్పందం చేసుకుంది. 2025లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున ప్రభుత్వ బళ్లలోకి తెస్తామన్నారు. ఆ జూన్‌లో ప్రభుత్వం మారింది, ప్రణాళిక ముందుకు సాగలేదు. తెలుగు మాధ్యమం సంగతేమిటి, టీచర్ల తయారీ సంగతేమిటి అని అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. వాటిని అడిగి తేల్చుకునే అవకాశం రాకుండానే అది రాజకీయ పార్టీల మధ్య వాదనగా ముగిసింది. మిగిలింది మళ్లీ పొలం అమ్మి కొనుక్కునే చదువే.

పొలం అమ్మి చదివించడం మనకు కొత్త కాదు. ఎవరిని చదివించడానికి అమ్ముతారు, ఎవరి పెళ్లికి అమ్ముతారు అన్నదే మన ఇళ్ల చరిత్ర. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిత్రార్జితంలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లో ఉంది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. మా రాష్ట్రంలో ఆ చట్టం వచ్చాక పుట్టినదాన్ని నేను. అయినా అన్నయ్య ఫోన్ చేసినప్పుడు "నీ వాటా అమ్ముదామా?" అని అడగలేదు. "రిజిస్ట్రేషన్‌కి ఏ రోజు వస్తవ్?" అని అడిగాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు. నా పీహెచ్‌డీ రోజుల్లో ఫెలోషిప్ ఆగిపోయినప్పుడు హాస్టల్ ఖర్చు పంపినవాడు. అందుకే ఈ మాట అడగడం నాకు తేలిక కాలేదు. అయినా అడిగాను. కోడల్ని ఆ బడిలో ఎందుకు వేయలేదు?

"అది ఎట్లయినా చదువుతది" అన్నాడు. "వీడే చదవడు. వీడికి అట్లాంటి బడి గావాలె."

ఈ జవాబును నేను చాలా రోజులు మనసులో పెట్టుకుని తిరిగాను. బాగా చదివే ఆడపిల్లకు బాగా చదవడమే అడ్డమైంది. చదవని మగపిల్లవాడి కోసం ప్రపంచం పద్ధతి మార్చుకుని వస్తుంది. మన తరంలో ఎంతమందిమి ఈ మాటలోంచి నడిచి వచ్చాం! ‘అది ఎట్లయినా చదువుతది’ అన్న నమ్మకం మీదే కదా మన తండ్రులు మనల్ని ఊరి బడిలోనూ, అన్నదమ్ముల్ని పట్నంలోనూ చదివించింది.

అన్నయ్యకు నా మాట చెప్పాను. పొలం అమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. నా వాటా సొమ్ము పిల్లలిద్దరి చదువుకీ సమానంగా పోవాలి, కోడలి భాగం కోడలి పేరు మీద బ్యాంకులో పడాలి. అది వాడికి అవమానంగా తోచింది. "నా బిడ్డను నేను చూసుకోనా?" అన్నాడు. రెండు నెలలైంది. అమ్మ మాత్రం తన సంతకం గురించి ఇప్పుడు కొత్తగా ఆలోచిస్తోంది. "నాది గూడ గావాలె గద" అంది మొన్న, ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు.

వేసవి సెలవుల్లో కోడలు పదిరోజులు నా దగ్గరుంది. ఆమెకు మూడు రకాల ప్రశ్నలు రాయడం నేర్పాను. సాగర్ మీద రాయమన్నాను. ఆమె సాగర్ వదిలేసి వేరే దాని మీద రాసింది. తెలుగులోనే, తన గుండ్రటి అక్షరాలతో. వాస్తవం అడిగే ప్రశ్న: మన పొలం ఎవరెవరి పేరు మీద ఉంది? భావన అడిగే ప్రశ్న: వాటా అంటే ఏమిటి? మూడోదాన్ని రెండుసార్లు కొట్టేసి రాసింది: బాగా చదివే అమ్మాయికి మంచి బడి అవసరం లేదా?

ఆ కాగితం ఫోటో తీసి వాళ్ల నాన్నకు పంపమంటావా అని అడిగాను.

"ఒద్దత్తా, నేనే ఇస్త" అంది.